బాతు కుడికాలు

బాతును లారీ గుద్దిన రోజున ఊళ్ళో సగం మంది పనులకు ఆలస్యంగా వెళ్ళారు. బస్సులు దొరక్క కాదు, నిలబడి చూస్తూ ఉండిపోయి. పద్దెనిమిది అడుగుల కంచు బాతు అది. పొడుగు కాళ్ళకు వానబూట్లు, రెక్క కింద మడిచిన గొడుగు. ముప్పై అయిదేళ్ళుగా పెద్ద బస్టాండు ఎదుటి కూడలిలో బస్సు కోసం నిలబడి ఉంది. ఊరికే నిటారుగా నిలబడితే దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కారేమో. అది కుడివైపుకు కాస్త ఒరిగి, బస్సు వస్తోందా లేదా అని రోడ్డు మలుపు వైపు తొంగి చూస్తుంటుంది. ఆ ఒరుగే దాని అందం. సిటీ బస్సుల మీద, కండక్టర్ల బిళ్ళల మీద, పిల్లల నోటు పుస్తకాల అట్టల మీద, ఎక్కడ చూసినా ఒరిగిన బాతే. ఈ ఊరి బస్సుల సంగతి పాపం బాతుకు కూడా తెలిసిపోయిందని జనం నవ్వుకుంటారు. వెనక్కి వస్తున్న లారీ తగిలి దాని కుడికాలు బూటు పైన అడ్డంగా పగిలింది. ఇప్పుడు నాలుగు ఇనుప గొట్టాల మధ్య దాన్ని కట్టి ఉంచారు.

మూడో రోజు పొద్దున్నే మునిసిపాలిటీ ఇంజనీరమ్మ పోతల కార్ఖానాకు వచ్చింది. కంచు పొయ్యాలంటే ముందు ఇసుకలో అచ్చు కావాలి, అచ్చు తియ్యడానికి చెక్క నమూనా కావాలి. ఆ నమూనాలు చేసే గది కార్ఖానాలో ఒక మూల ఉంది. నలభై మూడేళ్ళుగా ఆ గది మేస్త్రిది. ఇంజనీరమ్మ వచ్చేసరికి ఆయన ఒక పంపు మూత నమూనాకు ఉప్పుకాగితం పెడుతున్నాడు. వెనకాలే చిన్న ఓనరు వచ్చి బల్ల మీద రంపపు పొట్టు చేత్తో తుడిచి ఆమెకు చోటు చేశాడు.

"కాలు మళ్ళీ పొయ్యాలి మేస్త్రిగారూ," అందామె కాగితాలు పరుస్తూ. "పాత కాగితంలో రెండు కాళ్ళూ ఏడేసి అడుగులే. కానీ మేం కొలిస్తే కుడిది అంగుళంపావు పైచిలుకు తక్కువ ఉంది. మళ్ళీ సరిగ్గా అంతే తక్కువ రావాలి. పొరపాటున ఏడడుగులూ వచ్చి బాతు తిన్నగా నిలబడిందనుకోండి, నన్ను ఈ ఊళ్ళో తిరగనివ్వరు."

"తిన్నగా చెయ్యమని చంపేవాళ్ళనే చూశాం గానీ, వంకర రావాలని అడిగినవాళ్ళు మీరే," అన్నాడు చిన్న ఓనరు నవ్వుతూ.

"ఇంకో సంగతి. దిమ్మకు కొత్త పలక పెడుతున్నాం. శిల్పిగారి పేరు ఎలాగూ ఉంటుంది. ఆయన పోయేముందు ఒక మాట రాసిపెట్టారు. బాతు నాది గానీ ఒరుగు నాది కాదు, దానికి ప్రాణం పోసింది కార్ఖానాలో ఎవరో, వాళ్ళ పేరు కూడా చెక్కండి అని. ఎవరండీ ఆయన?"

"ఎవరేంటి? ఈ గదిలో ఇంకెవరున్నారు? మేస్త్రే," అన్నాడు చిన్న ఓనరు. బాతును పోతపోసినప్పుడు అతను నిక్కర్లలో ఉన్నాడు. తెలిసి అన్న మాట కాదు.

ఇంజనీరమ్మ కలం తీసింది. మేస్త్రి ఉప్పుకాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"రెండు రోజుల్లో చెబుతానమ్మా," అన్నాడు చివరికి.

"మొహమాటం," అన్నాడు చిన్న ఓనరు ఆమెతో, గది బయటికి నడుస్తూ.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి గోడ వైపు తిరిగాడు. రెండు మేకులు, రెండు ఉక్కు స్కేళ్ళు. కుడి మేకుది మామూలు స్కేలు. ఎడమ మేకుది పోత స్కేలు. కరిగిన కంచు చల్లారితే అడుగుకు నూలున్నర, అంటే అంగుళంలో అయిదోవంతుకు కాస్త తక్కువ, ముడుచుకుంటుంది కాబట్టి, ఆ మేరకు ఒక్కొక్క అంగుళాన్నీ సాగదీసి గుర్తులు పెట్టిన స్కేలు అది. దానితో కొలిచి నమూనా చేస్తేనే పోత సరైన కొలతకు దిగుతుంది. పక్కపక్కన పెడితే తప్ప రెంటికీ తేడా కనిపించదు. అందుకే పోత స్కేలు చివర కన్నంలో ఎర్రదారం కట్టి ఉంచుతారు. ఈ గదిలో కాలు పెట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునేది ఆ దారమే.

ముప్పై అయిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మేస్త్రి కళ్ళజోడు కాడ ఊడింది. చేతిలో పని ఆగకూడదు. ఎదురుగా కనిపించిన ఎర్రదారం లాగి కాడకు చుట్టి ముడేసుకున్నాడు. స్కేళ్ళు రెండూ మళ్ళీ మేకులకు తగిలించాడు, అటుది ఇటు, ఇటుది అటు. ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్న బావమరిది భోజనం చేసి వచ్చి, పోత స్కేలే అనుకుని ఎడమ మేకుకున్న స్కేలు తీసి బాతు కుడికాలికి గీతలు పెట్టాడు. పదిరోజుల తరవాత రెండు పోతలూ పక్కపక్కన నిలబెడితే ఒకటి పొట్టి. మేస్త్రికి క్షణంలో అర్థమైంది. పెద్ద ఓనరు కేకలేస్తూ గదిలోకి వచ్చేలోపల కళ్ళజోడు దారం విప్పి పోత స్కేలుకు కట్టేశాడు. "ఆ రోజు దారం లేదండీ," అని బావమరిది మొత్తుకున్నాడు. "ఇదిగో దారం! ఉందా, లేదా?" అని పెద్ద ఓనరు మేస్త్రిని అడిగాడు. మేస్త్రి ఉంది అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. ఆ సాయంత్రమే బావమరిది పని పోయింది.

మళ్ళీ పొయ్యడానికి టైము లేక పొట్టికాలు కింద చెక్క పెట్టి బాతును నిలబెట్టారు. మొదటి వానకే చెక్క జారింది, బాతు ఒరిగింది. ఊరు నెల రోజులు నవ్విపోయింది. ఆ తరవాత ఎందుకో ఆ నవ్వే ముద్దుగా మారింది. ఎవరు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు.

చెబితే బతుకుతెరువు పోతుందనుకుని అప్పుడు దాచిన నిజం ఇప్పుడు చెబితే పలక మీద పేరు వస్తుంది. నేరం ఒప్పుకోవడం కాస్తా గొప్పలు చెప్పుకోవడమై కూర్చుంది. ఇంతకన్న సిగ్గుచేటు ఇంకోటి లేదనిపించింది మేస్త్రికి. అయినా చెప్పాల్సినవాడికి చెప్పక తప్పదు. పలక చెక్కేలోపల చెప్పాలి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతోంది. ఆ ఎర్రదారం కూడా ఒకప్పుడు ఆమె డబ్బాలోంచి వచ్చిందే.

"బాతు కాలు మీ దగ్గరికే వచ్చిందటగా. వీధంతా చెప్పుకుంటున్నారు," అంది తల ఎత్తకుండా.

"వచ్చింది."

"పలక మీద పేరు కూడా రాస్తారటగా. ఎవరిది?"

"ఇంకా అనుకోలేదు."

మిషను ఆగింది. "ఎవరిదైనా రాసుకోనివ్వండి. మా తమ్ముడి పేరు మాత్రం ఎత్తకండి. పాత పుండు రేపినట్టవుతుంది. వాడు చేసిన నిర్వాకానికి మీరు ఆ ఓనరు ముందు తలొంచుకుని నిలబడ్డ రోజు నేను మరిచిపోలేదు. ఆర్నెల్లు వాడితో మాట్లాడలేదు నేను. చెయ్యి తిన్నగా ఉంటే వాడూ ఈపాటికి మేస్త్రి అయ్యేవాడు."

"చెయ్యి తిన్ననిదే వాడిది," అన్నాడు మేస్త్రి.

"మీరలాగే వెనకేసుకొస్తారు," అంది ఆమె. మిషను మళ్ళీ కదిలింది.

మర్నాడు పొద్దున బస్సెక్కాడు. బావమరిది ఇల్లు పద్నాలుగు స్టాపుల దూరం. దారి పొడవునా ఒకటే వాక్యం నోట్లో తిప్పుకున్నాడు. ఒరేయ్, ఆ రోజు దారం లేదు, నేనే తీశాను. చిన్న వాక్యమే. మొదటి స్టాపులో ఎంత బరువుందో పద్నాలుగో స్టాపులోనూ అంతే ఉంది.

కార్ఖానా నుంచి వెళ్ళగొట్టాక బావమరిది సిటీ బస్సుల్లో కండక్టరయ్యాడు. రిటైరై నాలుగేళ్ళయినా వీధిలో అందరికీ ఇప్పటికీ కండక్టరే. మేస్త్రి వెళ్ళేసరికి మనవరాలి బడి గౌను ఇస్త్రీ చేస్తున్నాడు. బావను చూడగానే మొహం చేటంత అయింది.

"రా బావా, ముందుకు జరుగు, వెనక ఖాళీ చెయ్యి!" అన్నాడు కుర్చీ లాగుతూ. ఎవరొచ్చినా అతని పలకరింపు అదే. "అక్క పంపించిందా, తప్పిపోయి వచ్చావా?"

"నేనే వచ్చాను."

"అయితే ఏదో కొంప మునిగే ఉంటుంది. ఉండు, టీ పెడతా."

టీ వచ్చేలోగా మేస్త్రి గది చూశాడు. క్యాలెండరు మేకుకు ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది, దాని మీద ఒరిగిన బాతు, కింద నంబరు. గోడకు అతికించిన కాగితం మీద రంగు పెన్సిళ్ళతో ఇంకో బాతు. ఆ బాతు పక్కనే ఖాకీ చొక్కా మనిషి. కింద పెద్ద పెద్ద అక్షరాలతో, మా తాతయ్య వంచిన బాతు.

"మనవరాలు గీసింది," అన్నాడు కండక్టరు గ్లాసు అందిస్తూ. "బడిలో మీ తాత ఏం చేసేవాడు అని అడిగితే అందరూ ఆఫీసరనీ షాపనీ రాశారట. ఇది ఇలా రాసింది. టీచరు నిజమా అని అడిగిందట. మా తాత అబద్ధం చెప్పడంది."

మేస్త్రి గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఒరేయ్, నీతో ఒక మాట..."

"ముందు నా మాట విను. మొదట్లో నా బస్సు అక్కడ ఆగితే ఆ వైపు చూసేవాణ్ణి కాదు తెలుసా? టిక్కెట్ల కట్ట సర్దుకుంటున్నట్టు తల దించుకునేవాణ్ణి. నా తప్పు ఊరి మధ్య పద్దెనిమిది అడుగులు లేచి నిలబడింది మరి. ఎక్కడ దాక్కోను? ఒకరోజు వానలో ఒకావిడ ఎక్కింది. చంకలో చంటిది. ఆవిడ కళ్ళమ్మట ఒకటే నీళ్ళు, ఏం కష్టమో. ఆ చంటిది కిటికీలోంచి బాతును చూసి పకపకా నవ్వింది. బాతు మనకోసమే చూస్తోందే అంటూ ఆ తల్లీ నవ్వింది. అప్పుడనిపించింది, ఇది నేనే కదా చేసింది అని. ఆ రోజు నుంచి తలెత్తుకుని చూశా. బాతు స్టాపు, బాతు స్టాపు అని నేను అరిచినట్టు ఏ కండక్టరూ అరవలేదు. నా జన్మలో చేసిన మంచి పని ఏదైనా ఉంటే పొరపాటున చేసిన ఆ పనే బావా." అతను ఇస్త్రీపెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇంతకీ నీ మాటేంటి?"

మేస్త్రి గోడ మీది కాగితం వైపు చూశాడు. ఖాకీ చొక్కా మనిషి చెయ్యి బాతు కాలి మీద ఉంది. బస్సులో తిప్పుకుంటూ వచ్చిన వాక్యం గొంతులోనే టీతో పాటు దిగిపోయింది.

"కుడికాలు మళ్ళీ పొయ్యాలి," అన్నాడు. "గీతలు నువ్వే పెట్టాలి. రేపు రా."

కండక్టరు చెయ్యి ఇస్త్రీపెట్టె మీదే ఆగిపోయింది. గుడ్డ కాలుతున్న వాసన వచ్చాక గానీ ఎత్తలేదు. గౌను అంచున గోధుమ రంగు మచ్చ పడింది.

"అయిపోయా. ఇప్పుడు ఆ రాక్షసి చేతిలో నాకు మూడింది," అన్నాడు. అని మళ్ళీ మెల్లగా, "ఆ గదిలోకి నేనా బావా?" అన్నాడు.

మర్నాడు కండక్టరు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నమూనాల గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. అక్కడ ఎవరూ చెప్పులు విడవరు. ఏడడుగుల టేకు దుంగ, చిత్రిక పట్టినది, రెండు గుర్రపు బల్లల మీద సిద్ధంగా ఉంది. కండక్టరు దాని మీద అరచేయి ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. వాసన చూశాడు.

"ఉలులు అన్నీ మార్చేశావే," అన్నాడు.

"అరిగిపోయాయి. మనలాగే."

"నువ్వు అరిగావు. నేను ఇంకా పదునే," అని నవ్వాడు. నవ్వుతూనే గోడ వైపు తిరిగి ఆగిపోయాడు. మేకులు అవే. కుడిదానికి ఒకటి, ఎడమదానికి ఒకటి. ఎర్రదారం కొత్తది, ఈ మధ్యే మార్చింది. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. "ఏ స్కేలు బావా?"

"దారం లేనిది."

కండక్టరు కుడి మేకు మీది స్కేలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. పెన్సిలు చెవి మీంచి తీశాడు. పొద్దున్నే ఇంట్లోనే పెట్టుకుని వచ్చినట్టున్నాడు. బూటు అంచు నుంచి మొదలుపెట్టాడు. స్కేలు ఆనించి, బొటనవేలితో నొక్కి, గీత గీసి, గోరుతో సరిచూసి, మళ్ళీ జరిపాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. మేస్త్రి ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. ఈ చెయ్యి ముప్పై ఏళ్ళకు పైగా టిక్కెట్లు చింపింది. ఈ బల్ల దగ్గర ఉండవలసిన చెయ్యి ఇది. తనకన్నా మంచి చెయ్యి.

సగం దూరం వచ్చాక కండక్టరు పెన్సిలు కింద పెట్టాడు.

"బావా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ రోజు దారం ఉందా?"

మేస్త్రి బల్ల మీది చెక్కపొట్టు ఒక పక్కకు తోశాడు.

"నా కళ్ళకు లేదనే కనిపించింది. ఎడమ మేకుదే కదా అని తీశా. ఇన్నేళ్ళూ నా కళ్ళు నన్నే ఎలా మోసం చేశాయా అని ఒక బాధ ఉండేది. ఈ మధ్య అది పోయి ఇంకో భయం పట్టుకుంది. నిజంగానే దారం లేదనుకో. ఎవరో తీశారనుకో. అప్పుడు ఆ ఒరుగు నాది కాదు కదా. ఆ దారం తీసినవాడిది. నేను ఉత్త చెయ్యిని. పిల్లకు ఏం చెప్పను? ఆ కాగితం గోడ మీంచి పీకెయ్యాలి కదా." అతను గీసిన గీతల మీద చెక్కపొడి ఊదుతున్నాడు, బావ మొహం చూడకుండా. "నువ్వు చెబితే నమ్ముతా. అప్పుడూ నువ్వు చెబితేనే నమ్మాను."

చెప్పడానికి ఇంతకన్న మంచి సమయం లేదు. అడగాల్సినవాడే అడుగుతున్నాడు. ముప్పై అయిదేళ్ళుగా మేస్త్రి ఎదురుచూసిన ప్రశ్నే అది. ఒక్క మాట అంటే అతని కళ్ళు అతనికి వచ్చేస్తాయి, బాతు పోతుంది. ఏది తిరిగి ఇవ్వబోయినా రెండోది లాక్కోవలసిందే. అప్పుడే, ఆ సాయంత్రమే చెప్పి ఉంటే కళ్ళూ, పనీ, ఈ గదీ అన్నీ అతనికే ఉండేవి. ఇవ్వగలిగిన రోజున ఇవ్వలేదు. ఇప్పుడు చేతిలో మిగిలింది ఆ పాత మాట ఒక్కటే.

"ఉంది," అన్నాడు మేస్త్రి.

"నువ్వు చూశావా?"

"చూశాను. దారం ఉంది."

కండక్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య," అన్నాడు. "అయితే నాదే." పెన్సిలు తీసుకుని మిగతా సగం గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఏదో పాట కూడా కూనిరాగం తీశాడు. మేస్త్రి కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఇంజనీరమ్మకు ఫోను చేసి పేరు చెప్పాడు. అక్షరం అక్షరం చెప్పాడు.

"మీరు కాదా మరి?" అన్నాడు పక్కనే ఉన్న చిన్న ఓనరు ఆశ్చర్యంగా.

"కాదు. గీత పెట్టినవాడిదే పని," అన్నాడు మేస్త్రి.

నాలుగో రోజున పోత పోశారు. మూసలోంచి కంచు అచ్చులోకి దిగుతుంటే ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూశారు. చల్లారాక ఇసుక కొట్టి, అంచులు రాకి, కొలిస్తే అంగుళంపావు పైచిలుకు తక్కువ. నూలు కూడా తేడా లేదు. జీవితంలో మొదటిసారి కొలత తప్పినందుకు కార్ఖానా అంతా చప్పట్లు కొట్టింది.

బాతును మళ్ళీ నిలబెట్టిన రోజున కూడలి నిండా జనం. కండక్టరు బీరువాలోంచి ఖాకీ చొక్కా తీసి, బిళ్ళ పెట్టుకుని వచ్చాడు. గోధుమ మచ్చ పడ్డ గౌనుతోనే మనవరాలు అతని వేలు పట్టుకుని నిలబడింది. మేస్త్రి భార్య కుట్టుపని ఆపి మరీ వచ్చింది. పలక మీద తెర తీశారు. శిల్పి పేరు, దాని కింద కండక్టరు పేరు. తన పుట్టింటివాళ్ళ ఇంటిపేరు అక్కడ చూసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడి పేరు ఎత్తొద్దన్న మనిషే.

కండక్టరును మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి ముందుగా, "ముందుకు జరగండి, వెనక ఖాళీ చెయ్యండి," అన్నాడు అలవాటు కొద్దీ. జనం గొల్లుమన్నారు. నవ్వులు తగ్గాక అతను మేస్త్రి ఉన్న వైపు చూశాడు.

"ఈ కాలు పొట్టి అయింది నా అజాగ్రత్త వల్ల. ఆ రోజు అందరూ నన్ను తిట్టారు. ఓనరు గేటు బయటికి పంపాడు. మా అక్క ఆర్నెల్లు మొహం చూడలేదు. మా బావ మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు పని నేర్పినవాడు, నావల్ల తల దించుకున్నవాడు, కోప్పడాల్సిన హక్కంతా ఆయనదే. అప్పుడూ అనలేదు, ఈ రోజు దాకా అనలేదు. ఈ పేరు కూడా ఆయన చెబితేనే రాశారట. అలాంటి మనిషి ఎవరికైనా ఉంటే చెప్పండి."

చప్పట్లు మోగాయి. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఎవరో మేస్త్రి భుజం పట్టుకుని ముందుకు నెట్టారు. ఆయన చేతులు జోడించాడు. దించడం తెలియనట్టు అలాగే ఉంచాడు.

భార్య దగ్గరగా వచ్చి నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "వాణ్ణి నేను నానా మాటలూ అన్నాను. మీరు ఒక్క మాట అనలేదు," అంది. "ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి మీ మనసు నాకు అర్థం కాలేదండీ."

మేస్త్రి ఆమె వైపు తిరగలేకపోయాడు. తలెత్తితే పైన బాతు, గొడుగు చంకలో పెట్టుకుని, ఎప్పటిలాగే కుడివైపుకు ఒరిగి ఉంది. అది చూస్తున్న మలుపు వైపే ఆయనా చూస్తూ నిలబడ్డాడు. బస్సు ఇంకా రాలేదు.